డిగ్రీ గుమ్మంలో అడుగు పెడుతున్న మన పిల్లలతో

(ఇంటర్ పాసై డిగ్రీలో చేరబోతున్న ఏజెన్సీ పిల్లల కోసం మాట్లాడిన మాటల పాఠం. అక్కడికి రాలేకపోయినవాళ్ల కోసం ఇక్కడ పెడుతున్నాం. చదివి, మీ ఊళ్లో ఇంటర్ పాసైన పిల్లలకి వినిపించండి.)

 

ముందుగా ఇంటర్ పాసైన ప్రతి ఒక్కరికీ అభినందనలు. మారేడుమిల్లి ఘాటీ మీద నుంచి వచ్చినవాళ్లున్నారు. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం నుంచి వచ్చినవాళ్లున్నారు. ఊరు గోదాట్లో కలిసిపోయి పునరావాస కాలనీలో ఉంటున్నవాళ్లూ ఉన్నారు. మీలో చాలామంది ఇంట్లో డిగ్రీ అనే మాట మొదటిసారి వినపడుతోంది. అందుకే ఈ రోజు ఉపన్యాసం ఇవ్వను. డిగ్రీలో చేరడం అంటే ఏంటి, ఎక్కడెక్కడ మనవాళ్లు జారిపోతున్నారు, జారకుండా ఏం చెయ్యాలి, ఈ మూడే మాట్లాడతాను.

ఇప్పటిదాకా మీ పని ఎవరు చేశారు? ఆశ్రమ పాఠశాలలో హెచ్.ఎం. గారు చేశారు. గురుకులంలో ప్రిన్సిపాల్ గారు చేశారు. పరీక్ష ఫీజు ఎప్పుడు కట్టారో, నామినల్ రోల్‌లో మీ పేరు ఎవరు రాశారో మీకు తెలీదు. పొద్దున బెల్లు కొడితే లేచారు, గంట కొడితే తిన్నారు. డిగ్రీకొచ్చేసరికి ఆ బెల్లు ఉండదు. కాలేజీ మీరే వెతుక్కోవాలి, సబ్జెక్టు మీరే ఎంచుకోవాలి, హాస్టలు మీరే అడుక్కోవాలి, స్కాలర్‌షిప్ మీరే కనుక్కోవాలి. ఇంటర్‌కీ డిగ్రీకీ మధ్య ఉన్న ఆ రెండు మూడు నెలల్లోనే మనవాళ్లు ఎక్కువమంది ఆగిపోతారు. తెలివి లేక కాదు. ఏ రోజున ఏం చెయ్యాలో చెప్పే మనిషి లేక.

పద్ధతి ఎలా మారింది

మీ అన్నలు, అక్కలు చదివినప్పుడు టీసీ పట్టుకుని కాలేజీకెళ్లి, అప్లికేషన్ రాసి చేరిపోయేవాళ్లు. 2020–21 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ అడ్మిషన్లు ఆన్‌లైన్ అయ్యాయి. ఉన్నత విద్యా మండలి నడిపే వెబ్‌సైట్ ద్వారానే సీటు ఇస్తారు. దీన్నే ఓఏఎండీసీ అంటున్నారు. తెలంగాణలో ఇలాంటిదే ‘దోస్త్’ అని 2016 నుంచి ఉంది.

వరస ఇదీ. మొదట రిజిస్ట్రేషన్ చేసి ఫీజు కట్టాలి. తర్వాత సర్టిఫికెట్ల పరిశీలన. ఏదైనా తేడా వస్తే హెల్ప్‌లైన్ సెంటరుకి వెళ్లాలి. ఆ తర్వాత వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీ, ఏ కోర్సు కావాలో వరసగా పెట్టుకోవడం. ఆప్షన్లు మార్చుకోవడానికి చిన్న గడువిస్తారు. తర్వాత సీటు అలాట్‌మెంట్. ఆఖరికి కాలేజీకి వెళ్లి రిపోర్ట్ చెయ్యడం. ఒక్కో మెట్టుకీ ఒక్కో తేదీ ఉంటుంది. ఒక మెట్టు తప్పితే రెండో విడత కోసం చూడాలి. అప్పటికి దగ్గర కాలేజీలో సీటు ఉండకపోవచ్చు.

రాజమండ్రి కుర్రాడికి ఇదంతా ఇంట్లో కూర్చుని అరగంట పని. మన ఊళ్లలో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. నెట్ సెంటరుకి వెళ్లాలంటే బస్సు కోసం పొద్దున్నే రోడ్డు మీదకి రావాలి. వాన పడి వాగు పొంగితే ఆ రోజు పోయినట్టే. తేదీలు పెట్టేవాళ్లకి మన వాగు తెలీదు. కాబట్టి ఆఖరి రోజు దాకా ఆగొద్దు. నోటిఫికేషన్ వచ్చిన మొదటి రెండు రోజుల్లోనే రిజిస్ట్రేషన్ అయిపోవాలి.

కాగితాలు

ఇప్పుడే ఒక సంచిలో వేసుకోవాల్సినవి చెప్తాను. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ సర్టిఫికెట్ లేదా రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు. ప్రతిదానికీ నాలుగేసి జిరాక్సులు. ప్రతిదాన్నీ ఫొటో తీసి ఫోన్‌లో దాచుకోండి.

ఇందులో మూడు చోట్ల మనవాళ్లు ఇరుక్కుంటారు.

మొదటిది పేరు. ఇంటిపేరు మడకమో, సోడెనో, కుంజానో, కారమో అనుకోండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది. బ్యాంకులో ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక ‘హెచ్’ ఎక్కువ ఉంటుంది. కోయలో పిలిచే పేరొకటి, బళ్లో మాస్టారు రాసిన పేరొకటి. మనిషి ఒకరే, కంప్యూటర్ లెక్కలో ముగ్గురు. పదో తరగతి మెమోలో ఉన్న పేరే అన్నిటికీ మూలం అనుకోండి. ఆధార్‌నీ, బ్యాంకునీ దానికి తగ్గట్టు దిద్దించుకోండి. అడ్మిషన్ల టైములో ఆధార్ సెంటర్ దగ్గర క్యూ ఉంటుంది కాబట్టి ఈ నెలలోనే వెళ్లండి.

రెండోది కుల ధ్రువీకరణ. 1993లో వచ్చిన చట్టం ప్రకారం దీనికి విచారణ ఉంటుంది. విచారణ పేరుతో ఎన్ని రోజులు తిప్పుతారో మీ అమ్మానాన్నలకి తెలుసు. ఇంట్లో అన్నకో అక్కకో ఇదివరకు ఇచ్చిన సర్టిఫికెట్ ఉంటే దాని నకలు జతచెయ్యండి. సచివాలయంలో అర్జీ పెట్టినప్పుడు రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ గాలిలో మాటే. ఆలస్యమైతే ఆ రసీదు పట్టుకుని తహసీల్దార్ ఆఫీసుకి, అక్కడా కాకపోతే ఐటీడీఏ పీఓ గారి దగ్గరికి వెళ్లండి. ఒక్కరే వెళ్లొద్దు, నలుగురు కలిసి వెళ్లండి.

మూడోది లోకల్, నాన్‌లోకల్. ఇది చాలామందికి తెలీదు. 371-డి కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు నుంచి వస్తున్న లెక్క ఇది. సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకి. లోకల్ అంటే ఎక్కడ పుట్టారన్నది కాదు. ఇంటర్ పూర్తయ్యేనాటికి వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది. వరసగా ఒకచోట లేకపోతే, చివరి ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. స్టడీ సర్టిఫికెట్లు అడిగేది అందుకే.

మన విలీన మండలాల పిల్లలకి ఇది పెద్ద చిక్కు. 2014లో పోలవరం కోసం మండలాల్ని తెలంగాణ నుంచి ఆంధ్రలో కలిపారు. భద్రాచలం పట్టణం మాత్రం అటే ఉండిపోయింది. ఎటపాక పిల్లవాడికి భద్రాచలం పక్క వీధి లాంటిది. బడికి అక్కడికే వెళ్తాడు, ఆసుపత్రికీ అక్కడికే. ఇల్లు ఒక రాష్ట్రంలో, బడి ఇంకో రాష్ట్రంలో. అలా చదివినవాళ్లు మీలో ఉంటే, మీరు ఎటు లోకల్ అవుతారో ముందే లెక్క చూసుకుని ఆప్షన్లు పెట్టుకోండి. ‘మా ఊరు ఆంధ్రలో ఉంది కదా’ అని ఊరుకోవద్దు.

పోలవరం ముంపు కాలనీల వాళ్లకీ ఒక మాట. పాత ఊరి పేరు రేషన్ కార్డులో ఉంటుంది, కొత్త కాలనీ పేరు ఆధార్‌లో ఉంటుంది. సచివాలయం వాళ్లు ‘మీరు మా పరిధిలో లేరు’ అంటారు. పాత సచివాలయమూ అదే మాట అంటుంది. ఊరు తీసేసుకున్న ప్రభుత్వమే ‘ఏ ఊరు మీది’ అని అడుగుతుంది. చిరునామా మ్యాపింగ్ అయిందో లేదో ఇప్పుడే అడిగి తెలుసుకోండి. ఫీజు డబ్బులు ఆగేది చాలాసార్లు ఇక్కడే.

ఫోను ఎవరిది, ఓటీపీ ఎవరికి

రిజల్ట్ వచ్చిన మర్నాటి నుంచే మన ఊళ్లలోకి బైకుల మీద మనుషులొస్తారు. ‘మా కాలేజీలో చేరండి, బస్సు ఫ్రీ, పుస్తకాలు ఫ్రీ, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు’ అంటారు. ఒరిజినల్స్ తీసుకుంటారు. రిజిస్ట్రేషన్‌కి వాళ్ల ఫోన్ నంబరే ఇస్తారు. ఓటీపీ వాళ్లకే వెళ్తుంది. మీ పేరు మీద ఆప్షన్ ఒక్కటే ఉంటుంది, అది వాళ్ల కాలేజీ.

మీకు బీఎస్సీ కావాలి, వాళ్ల దగ్గర బీకామ్ ఖాళీగా ఉంది. ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కాబట్టి నంబరు మీ ఇంట్లో ఉండే నంబరే ఇవ్వండి. మూడేళ్లూ మారకుండా ఉండే నంబరు. రీచార్జి అయిపోతే ఓటీపీ రాదు, అదీ చూసుకోండి. ఓటీపీ చెప్పడమంటే సంతకం పెట్టిన తెల్లకాగితం చేతికివ్వడమే. తెలియని కాగితం మీద వేలిముద్ర వేసి మన తాతలు భూములు పోగొట్టుకున్నారు. మీరు సీట్లు పోగొట్టుకోవద్దు.

ఒరిజినల్స్ సంగతి. పరిశీలనకి చూపించాలి, చూసి వెనక్కివ్వాలి. కాలేజీలు విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఫీజు బాకీ ఉందని మెమోలు ఆపితే ఆ మాట గుర్తు చెయ్యండి. నోటితో కాదు, రాసి ఇవ్వండి.

ఆప్షన్లు ఎలా పెట్టాలి

కంప్యూటర్ మీ జాబితాని పైనుంచి కిందికి చదువుతుంది. మొదటిది దొరికితే ఇచ్చేసి ఆగిపోతుంది. కాబట్టి మీకు నిజంగా ఇష్టమైనదే మొదట పెట్టండి. ‘నాకు రాదులే’ అని కింద పెడితే, వచ్చే సీటు కూడా రాకుండా పోతుంది. పైన పెట్టినందుకు నష్టం ఏమీ లేదు, దొరక్కపోతే రెండోది చూస్తుంది.

ఒక్క ఆప్షన్‌తో ఆపొద్దు. రంపచోడవరంలో, చింతూరులో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలున్నాయి. ఇంటికి దగ్గర, ఖర్చు తక్కువ, నలుగురూ మనవాళ్లే. రాజమండ్రిలో ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ఉంది, 1853లో బడిగా మొదలై కాలేజీ అయినది, సర్వేపల్లి రాధాకృష్ణన్ పాఠాలు చెప్పిన కాలేజీ. ఆడపిల్లలకి అక్కడే ఎస్.కె.ఆర్. మహిళా కాలేజీ ఉంది. కాకినాడలో పి.ఆర్. కాలేజీ ఉంది. అవన్నీ ప్రభుత్వానివి. అవి పెద్దవాళ్ల కాలేజీలు, మనకెందుకు అనుకోవద్దు. అక్కడ ఎస్టీలకి 6 శాతం సీట్లున్నాయి. అరవై సీట్ల సెక్షన్‌లో అవి మూడో నాలుగో. మనం అడక్కపోతే అవి ఎటుపోతాయో మనకే తెలీదు.

దూరం వెళ్లాలా, దగ్గర ఉండాలా? ఇద్దరికీ ఒకే జవాబు చెప్పలేను. ఇంట్లో అమ్మకి సాయం ఎవరు, చెల్లిని ఎవరు చూస్తారు, పోడు పని ఎవరు చేస్తారు, ఇవన్నీ ఉంటాయి. మీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. కానీ భయంతో మాత్రం నిర్ణయం చెయ్యకండి. రాజమండ్రి అంటే భయపడాల్సిన ఊరు కాదు. మన కొండల మధ్య నుంచి వచ్చిన గోదారి నీళ్లే ఆ ఊరు తాగుతోంది.

ఏ సబ్జెక్టు

2023–24 బ్యాచ్ నుంచి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. అంతకుముందు మూడు సబ్జెక్టులు సమానంగా ఉండేవి, ఎంపీసీ, బీజడ్‌సీ, హెచ్ఈపీ అని. సింగిల్ మేజర్‌లో ఒక్కటే ప్రధానం. ఆ పద్ధతి వచ్చినప్పుడు రెండో సెమిస్టర్ నుంచి పక్కన ఒక మైనర్ ఎంచుకోవాలన్నారు. మొదటి సెమిస్టర్‌లో ఆ విభాగం వాళ్లందరికీ కలిపి ఉండే పేపర్లు, ఇంగ్లీషు, రెండో భాష, నైపుణ్య కోర్సులు పెట్టారు. ఈ రూల్స్ ప్రభుత్వాలు మళ్లీ మళ్లీ మారుస్తున్నాయి. అందుకని సీనియర్ చెప్పిన మాట మీద ఆధారపడొద్దు. మీరు చేరే ఏడాది కోర్సుల పట్టిక కాలేజీలో అడిగి, కాగితం చేతిలో పెట్టుకుని చదవండి.

మేజర్ ఎంచుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: మూడేళ్ల తర్వాత నేను ఏ గుమ్మం ముందు నిలబడాలి? టీచర్ కావాలంటే బీఈడీ చెయ్యాలి. బీఈడీలో ఏ మెథడాలజీ దొరుకుతుందన్నది డిగ్రీలో చదివిన సబ్జెక్టు మీద ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా కోరుకునే ఉద్యోగం అదే కాబట్టి ఇంకో సంగతి చెప్పాలి. 2000 జనవరిలో జీఓ 3 వచ్చింది. ఏజెన్సీ బళ్లలో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక ఆదివాసీలకే అన్నారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మన బళ్లో మన భాష తెలిసిన టీచర్ ఉండాలని మనం అడుగుతూనే ఉంటాం, ఆ పోరాటం వేరే నడుస్తుంది. కానీ ఈ లోపు మీరు పోటీ పడాల్సింది అందరితోనూ. అంటే మేజర్ ఎంపిక మునుపటికంటే ఇప్పుడు ఇంకా ముఖ్యం. సులువుగా పాసైపోతుందని కాదు, ఎందుకు పనికొస్తుందో చూసి తీసుకోండి.

రెండో భాష సంగతి. మార్కులొస్తాయని సంస్కృతం తీసుకోమంటారు. మన పిల్లలకి ఇంట్లో కోయ, బళ్లో తెలుగు. తెలుగే మనకి రెండో భాష. 2021–22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం. ఇంటి భాష నుంచి లెక్కపెడితే మూడో భాషలో ఫిజిక్సో ఎకనామిక్సో చదవాలి. దానిమీద ఇంకో కొత్త భాష ఎత్తుకోవాలా వద్దా అన్నది మీరే ఆలోచించండి. తెలుగు తీసుకుంటే తక్కువ కాదు. రేపు గ్రూప్ పరీక్షల్లోనూ, సచివాలయం ఉద్యోగంలోనూ అర్జీ రాయాల్సింది తెలుగులోనే.

మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లీషు పాఠం అర్థం కాలేదని సిగ్గుపడొద్దు. క్లాసులో సగం మందికి అర్థం కాదు, వాళ్లు తలాడిస్తారు, అంతే. రోజూ పది మాటలు రాసుకోండి. పక్కన తెలుగు అర్థం, దాని పక్కన కోయలో ఏమంటారో అదీ రాసుకోండి. అలా చదివింది మర్చిపోరు.

ఫీజు, హాస్టలు

పథకం పేరు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంది. పేరు పట్టుకోకండి, రెండు ముక్కలు గుర్తుపెట్టుకోండి. ఒకటి ఫీజు రీయింబర్స్‌మెంట్, కాలేజీ ఫీజు కోసం. రెండోది మెయింటెనెన్స్, తిండికీ ఉండటానికీ. ఇది భిక్ష కాదు. ఎస్టీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం వాటా కూడా ఉంది.

షరతులు మాత్రం ఉన్నాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలి. హాజరు 75 శాతం ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, సీటు కన్వీనర్ కోటాలో రావాలి. మేనేజ్‌మెంటు కోటాలోనో స్పాట్ అడ్మిషన్‌లోనో చేరినవాళ్లకి ఇది వర్తించదని రూల్ పెట్టారు. బైకు మీద వచ్చినాయన ఈ మాట చెప్పడు. అలాట్‌మెంట్ లెటర్ అడగండి. అది లేకుండా ‘సీటు రెడీగా ఉంది’ అంటే అనుమానించండి.

డబ్బు ఆలస్యంగా వస్తుంది. ఇది మీకు ముందే తెలిసుండాలి. ప్రభుత్వం ఇవ్వకపోతే కాలేజీ మీ మీద పడుతుంది, హాల్ టికెట్ ఆపుతామంటుంది. ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య బాకీకి పిల్లలు జామీను కాదు. అలా జరిగిన రోజు ఒంటరిగా ఏడ్చి ఇంటికి వచ్చెయ్యకండి. నలుగురికి చెప్పండి.

హాస్టలు గురించి గట్టిగా చెప్తున్నాను, వినండి. కాలేజీలో సీటు వస్తే హాస్టల్లో సీటు వచ్చినట్టు కాదు. అది వేరే అర్జీ, వేరే ఆఫీసు. గిరిజన సంక్షేమ శాఖ కాలేజీ హాస్టళ్లలో ఖాళీలెన్నో అలాట్‌మెంట్ రాకముందే కనుక్కోండి. కాలేజీలో చేరి, హాస్టలు దొరక్క, గది అద్దె కట్టలేక, దసరాకి ఇంటికొచ్చి మళ్లీ వెళ్లనివాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

మొదటి నెల

రిపోర్ట్ చేసిన రోజుతో పని అయిపోదు. ఆ నెలలో నాలుగు పనులు చెయ్యాలి. కాలేజీ రికార్డుల్లో మీ పేరు, కులం, మేజర్ సరిగ్గా ఎక్కాయో చూసుకోవాలి. స్కాలర్‌షిప్ పోర్టల్లో మీ పేరు కాలేజీవాళ్లు ఎక్కించారో అడగాలి. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ చేసుకోవాలి. మీరు పాసైన ప్రతి పేపరు క్రెడిట్లూ అందులో జమవుతాయి, మన బ్యాంకు ఖాతా లాగే. నాలుగోది, టైంటేబుల్ రాసుకుని మొదటి రోజు నుంచే క్లాసుకి వెళ్లాలి. సెమిస్టర్ అంటే ఏడాది కాదు, సుమారు తొంభై పనిదినాలు. పండక్కి పది రోజులు, పోడుకి పది రోజులు, జ్వరానికి పది రోజులు పోతే హాజరు పోయినట్టే. మన ఊళ్లలో మలేరియా ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఆసుపత్రి చీటీ దాచుకోండి, కొంత మినహాయింపు ఇస్తారు.

మొదటి సెమిస్టర్‌లో ఒక పేపరు పోయిందని చదువు మానొద్దు. అది బ్యాక్‌లాగ్, అంతే. మళ్లీ రాసుకోవచ్చు. పదో తరగతిలో ఫెయిలైనట్టు కాదు, పై సెమిస్టర్‌కి వెళ్తూనే అది రాయొచ్చు.

ఊరు చెయ్యాల్సింది

పెద్దలారా, మీకు ఒక్క మాట. డిగ్రీ పిల్లల పని కాదు, ఊరి పని అనుకోండి. ఈ ఏడు మన ఊళ్లో ఇంటర్ పాసైనవాళ్లెందరో ఒక కాగితం మీద రాయండి. ఎదురుగా ఎవరెవరికి కుల సర్టిఫికెట్ ఉంది, ఎవరి ఆధార్ తప్పుంది, ఎవరికి సీటొచ్చింది, ఎవరికి హాస్టలొచ్చింది, రాసుకోండి. సిగ్నల్ ఉన్న చోట ఒక మంచి ఫోను, అది వాడటం తెలిసిన ఒక డిగ్రీ పిల్లో పిల్లాడో ఉంటే చాలు, ఊరందరి రిజిస్ట్రేషన్లూ రెండు రోజుల్లో అయిపోతాయి. ఆడపిల్ల పేరు ఆ కాగితంలో ముందు రాయండి. ‘పెళ్లి చేసేద్దాం’ అనే మాట వచ్చేది ఈ మూడు నెలల ఖాళీలోనే.

కొండరెడ్డి గూడేల పిల్లల్ని ప్రత్యేకంగా చూడండి. రోడ్డుకి దూరంగా ఉంటారు, అడగడానికి మొహమాటపడతారు. వాళ్లు వచ్చేదాకా ఆగకండి, మనమే గుట్ట ఎక్కి వెళ్దాం.

ఇప్పటికే డిగ్రీ చదువుతున్న అన్నలూ, అక్కలూ, మీరు దాటిన వాగు ఎక్కడ లోతో మీకు తెలుసు. వెనక వచ్చేవాళ్ల చెయ్యి పట్టుకోండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మొదటి ఏడాది అయ్యాక వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని చేయిస్తారు. ఏ ఊరి సంగతి రాయాలని మిమ్మల్ని అడుగుతారు. మన ఊరి సంగతి రాయండి. ఎన్ని ఇళ్లకి నీళ్లున్నాయి, ఎంతమందికి పట్టాలున్నాయి, ఇంటర్ తర్వాత ఎంతమంది ఆగిపోయారు, లెక్కతో సహా రాయండి. ఆ లెక్క మన దగ్గర లేకే ఇన్నాళ్లూ ఎవరో రాసిన లెక్క నమ్మాల్సి వచ్చింది.

కాగితాల సంచి రేపు పొద్దున్నే సర్దండి. పేరు తప్పున్నవాళ్లు సోమవారం ఆధార్ సెంటర్ దగ్గర కలుద్దాం.

జోహార్. జై ఆదివాసీ.